కోహీర్ దక్కన్ కంప్యూటర్లో లేదు

మా మనవడు ఇంగ్లండులో రైలు నడుపుతాడు. ఇస్నాపూర్‌లో మా మేడ మీది గదిలో కూర్చునే నడుపుతాడు. సెటిల్ నుంచి కార్లైల్ దాకా వాడికి ప్రతి సిగ్నలూ కంఠతా వచ్చు. రిబుల్‌హెడ్ వంతెనకు 24 కమానులని కళ్లు మూసుకుని చెబుతాడు. మొన్న ఒకరోజు "నాగులపల్లి స్టేషన్ ఎక్కడుందిరా?" అని అడిగాను. నా ముఖం చూశాడు. లింగంపల్లి దాటి, తెల్లాపూర్ దాటితే వచ్చేదే నాగులపల్లి. పటాన్‌చెరు నుంచి స్కూటర్ మీద పోయి రావచ్చు. ముప్పై అయిదేళ్లు ఇంజన్ మీద బతికినవాణ్ణి, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

వాణ్ణి తప్పు పట్టను. వాడి సిమ్యులేటర్‌లో నాగులపల్లి లేదు, శంకర్‌పల్లి లేదు, వికారాబాద్ లేదు. నేను ఎక్కువగా తిరిగిన వికారాబాద్–బీదర్–పర్లీ లైను అసలే లేదు. వాడు వారం రోజులు ఓపిగ్గా వెతికి, "దొరకలే తాతా" అన్నాడు. జర్మనీలో చిన్న బ్రాంచి లైను దొరుకుతుంది, జపాన్‌లో కొండల మధ్య పోయే ఒంటి లైను దొరుకుతుంది. 1874లో నిజాం సొమ్ముతో వేసి, అక్టోబరులో రైలు నడిపిన సికింద్రాబాద్–వాడి లైను మాత్రం వాడు వెతికినంతలో దొరకలేదు. ఈ నేల మీద నూట యాభై ఏళ్లుగా రైలు తిరుగుతోంది. అది లెక్కలోకి రాలేదంటే నాకు కష్టంగానే ఉంటుంది.

మా రోజుల్లో రోడ్డు నేర్చుకోవడం అనేది ఒకటుండేది. ఇప్పటికీ ఉంది, కానీ మేం నేర్చుకున్న తీరు వేరు. 1982లో నేను డీజిల్ అసిస్టెంటుగా చేరాను. డ్రైవర్‌కు ఎంత అనుభవమున్నా, కొత్త సెక్షన్ మీద ముందు తెలిసినవాడి పక్కన నిలబడి తిరిగి, రోడ్డు వచ్చిందని సంతకం పెడితేనే బండి ఇచ్చేవాళ్లు. కొన్ని నెలలు ఆ సెక్షన్ మీద పోకపోతే మళ్లీ మొదటికే. ఎక్కుడు ఎక్కడ మొదలవుతుంది, దిగుడు ఎక్కడ, ఏ వంపు వెనక హోం సిగ్నల్ దాక్కుని ఉంటుంది, ఏ గేటు దగ్గర ఎడ్లబండ్లు ఎక్కువ, ఇవన్నీ ఒంటికి పట్టాలి. శంకర్‌పల్లి దాటి వికారాబాద్ వైపు పోతుంటే లోడు బండి ఎలా బరువెక్కుతుందో నాకు వీపుతో తెలిసేది. రాత్రిపూట బయట ఏమీ కనబడకపోయినా, పట్టాల చప్పుడు మారితే వంతెన వచ్చిందని చెప్పేవాళ్లం. అనంతగిరి వైపు నుంచి చల్లగాలి తగిలితే వికారాబాద్ దగ్గరపడిందని అర్థం.

ఒంటి లైను మీద టోకెన్ ఉండేది. ఇనుప గోళం, అరచేతిలో నిండుగా పట్టేంత. దాని మీద ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కో చెక్కి ఉండేది. తోలు సంచిలో పెట్టి, పెద్ద బెత్తం చుట్టకు కట్టేవాళ్లు. బండి ఆగకుండా పోయేటప్పుడు కిందనున్నవాడు ఆ చుట్టను ఎత్తి పట్టుకుంటాడు, ఇంజన్ మీది నుంచి మనం చెయ్యి దూర్చి అందుకోవాలి. అదే ఊపులో మన చేతిలోని పాత చుట్టను అవతల పడెయ్యాలి. మొదటి నెలంతా నా మోచేతి పైన నల్లగా కమిలి ఉండేది. వానాకాలంలో తోలు ఉబ్బి, సంచి గుండీ బిగుసుకుపోయేది. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో దాన్ని విప్పి, గోళం బయటికి తీసి, దీపం కింద పేర్లు చదివి, పెద్దగా చెప్పి డ్రైవర్ చేతిలో పెట్టేదాకా ఊపిరి ఆడేది కాదు. తప్పు గోళం అందుకుని ముందుకు పోతే ఎదురుగా ఇంకో బండి ఉండవచ్చు. ఈ మాట చెబితే మా మనవడు చేతిలో ఆట ఆపి విన్నాడు. "ఇది మస్తు ఉంది తాతా, ఏ గేమ్‌లోనూ నేను చూడలే" అన్నాడు.

మా అబ్బాయి కాలంలోనే మొదలైంది ఈ లోటు. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చింది. వాడప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కంప్యూటర్ కొనిస్తే ముందు తెచ్చింది ఆ సీడీలే. అందులో ఆరు లైన్లు. అమెరికావి రెండు, జపాన్‌వి రెండు, ఇంగ్లండుది ఒకటి, ఆస్ట్రియాది ఒకటి. మనది ఒక్కటీ లేదు. నేను డ్యూటీ దిగి వచ్చి వాడి వెనక నిలబడి చూస్తే, మంచులో అమెరికా గూడ్సు పోతోంది. "మన డబ్ల్యూడీఎం-2 ఇంజన్ ఏదిరా?" అన్నాను. అప్పుడు నాకది నవ్వులాటగానే ఉంది. ముందు ముందు వస్తుందిలే అనుకున్నాను. ఇరవై ఏళ్లు దాటి పోయాయి.

మనవాళ్లు ఊరికే కూర్చోలేదు, అది చెప్పాలి. ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు రాత్రిళ్లు మేలుకుని మన ఇంజన్లు తయారుచేశారు, పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ పెట్టెలు తయారుచేశారు, ఊరికే ఇచ్చారు. ఓపెన్ రైల్స్ అనే ఉచిత సిమ్యులేటర్‌ను కూడా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నిలబెట్టారు. చెన్నై కంపెనీ ఒకటి ఫోన్‌లో ఆడుకునే ఇండియన్ ట్రైన్ సిమ్యులేటర్ తెచ్చింది. పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలాక మా చౌరస్తా టీ కొట్టు దగ్గర చూడండి, బీహార్ పిల్లలు, ఒడిశా పిల్లలు దాన్ని ఆడుతుంటారు. ఒకబ్బాయి దానాపూర్ వైపువాడు. సెలవు దొరికితే 219 బస్సెక్కి సికింద్రాబాద్ పోయి, అక్కడ దానాపూర్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటాడు. కాజీపేట, బల్లార్షా, నాగ్‌పూర్, ఇటార్సీ, జబల్‌పూర్ అని వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. ఇంటికి పోయే దారి కదా, వాడి నోట అది జపంలా వస్తుంది. అలాంటి దారి ఎవరికి వాళ్లకు ఒకటుంటుంది. కంపెనీలు పెద్ద ఊళ్ల మధ్య మెయిన్ లైన్లు చూసుకుంటాయి. సదాశివపేట్ రోడ్డు, కోహీర్ దక్కన్, జహీరాబాద్ ఎవరు చూడాలి?

"కొనేటోళ్లు ఆడ ఉన్నరు తాతా, అందుకే ఆడి లైన్లే చేస్తరు" అంటాడు మనవడు. నిజమే. కానీ డబ్బు ఒక్కటే కాదు, పనిలో కూడా చిక్కుంది. మనది బ్రాడ్‌గేజ్, పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. అమెరికా, ఇంగ్లండు పట్టాలు 1435. వాళ్ల పట్టా మీద మన ఇంజన్‌ను పెడితే చక్రం పట్టా బయటికి వచ్చి కనబడుతుంది, పట్టా కూడా మనమే తయారుచేసుకోవాలి. నేల ఎత్తుపల్లాలకు 2000లో స్పేస్ షటిల్ తీసిన రాడార్ కొలతలు ఊరికే దొరుకుతాయట. అందులో ముప్పై మీటర్లకు ఒక చుక్క. ఎత్తులో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. రైలుకు అది సరిపోదు. వందకు ఒకటి ఎక్కుడంటే వంద మీటర్ల దూరానికి ఒక్క మీటరు పైకి పోవడం. ఆ ఒక్క మీటరుకే గూడ్సు బండి చెమటలు పట్టిస్తుంది. ఆకాశం నుంచి చూస్తే అది కనబడదు. కట్ట ఎక్కడ ఎత్తుగా పోశారు, రాయి ఎక్కడ తొలిచారు, అదీ కనబడదు. లైను పక్కన పాతిన గ్రేడియంట్ రాయి మీద రాసి ఉంటుంది, వర్కింగ్ టైంటేబుల్‌లో ఉంటుంది, లేదంటే మాలాంటి ముసలివాళ్ల తలకాయల్లో ఉంటుంది.

ఆ కాగితాల సంగతే నాకు మరీ బాధ. రిటైరైన ఏడాది తర్వాత ఒక ఆఫీసుకు పోయాను. పాత సెక్షన్ చార్టులు ఒక్కసారి చూపించండి, ఫోటో తీసుకుంటాను అన్నాను. గది ఖాళీ చేశామని, పాతవన్నీ తూకానికి వేశామని చెప్పారు. చెప్పినాయన చెడ్డవాడు కాదు, టీ కూడా ఇప్పించాడు. బట్టకు అతికించిన పొడుగాటి చార్టులవి. ఎర్ర సిరాతో, నల్ల సిరాతో ఎక్కుళ్లూ దిగుళ్లూ గీసినవి. మేం వాటి ముందు నిలబడి వేలు పెట్టి చదువుకున్నాం. ఇప్పుడు లేవు.

ఇప్పటి లైను బాగుంది, కాదనను. కరెంటు వచ్చింది, రంగుదీపాల సిగ్నళ్లు వచ్చాయి, పొగ లేదు, టోకెన్ కమిలింపు లేదు. లోకో పైలట్‌కు ప్రాణానికి ఎంతో హాయి. కానీ రెక్క సిగ్నల్ పోయింది. పదహారు సిలిండర్ల ఆల్కో ఇంజన్ మొదటి నాచ్‌లో వదిలే నల్లపొగ, ఎనిమిదో నాచ్‌కు పోయేటప్పుడు దాని గొంతు మారే తీరు, ఇవన్నీ పోయాయి. రికార్డు చేయకపోతే ఇక ఎప్పటికీ వినబడవు. ఇంగ్లండులో ఆవిరి రైలు శబ్దం కోసం మైకులు పట్టుకుని కొండలెక్కుతారని విన్నాను. మనకు కళ్లముందు పోతున్నదాన్ని చూస్తూ ఊరుకునే అలవాటయింది.

మా ఇస్నాపూర్‌కు నేల మీద కూడా రైలు లేదు. మెదక్‌కు 2022లో రైలొచ్చింది, సిద్దిపేటకు 2023లో వచ్చింది. ఎంఎంటీఎస్ రామచంద్రాపురం దాకా వచ్చి ఆగింది. సంగారెడ్డి జిల్లా కేంద్రమైనా ఇంకా హైవే మీదే బతుకుతోంది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి మీదుగా ఆదిలాబాద్‌కు లైను సర్వే అని వింటూనే ఉన్నాం. 65వ నంబరు రోడ్డు మీద లారీల మధ్య స్కూటర్ నడిపేటప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. ఇక్కడి పిల్లవాడికి రైలు అంటే ముందు తెర మీద కనబడేదే. అందుకే ఆ తెర మీద ఏముందన్నది నాకు చిన్న విషయం కాదు.

ఉగాది నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. వికారాబాద్ నుంచి మొదలుపెట్టి, కిలోమీటరు రాళ్ల వరసలో గుర్తున్నదంతా రాస్తున్నాను. ఎడమ పక్క చింతచెట్టు, కుడి పక్క గ్యాంగ్‌మన్ల గుడిసె, గేటుకు ముందు విజిల్ బోర్డు, దాని మీద హిందీలో 'సీ/ఫా', అంటే ఫాటకం ముందు సీటీ కొట్టమని. కోహీర్ ప్లాట్‌ఫారం మీద జామకాయల బుట్టలు. మనవడు దాన్ని చూసి పట్టాలు పరుస్తున్నాడు. బడి నుంచి రాగానే కూర్చుంటాడు. వాళ్లమ్మ అరుస్తుంది, నేను వెనకేసుకొస్తాను. వికారాబాద్ యార్డు అయింది, పర్లీ లైను మెయిన్ లైను నుంచి విడిపోయే చోటు అయింది. మొన్న రాత్రి సదాశివపేట్ రోడ్డు దాకా నడిపి చూపించాడు. స్టేషన్ దాటగానే పట్టా అయిపోయింది, ముందంతా బూడిదరంగు.

"ఇక్కడి నుంచి ఎట్లుంటది తాతా?" అన్నాడు.

కళ్లు మూసుకున్నాను. కొంచెం వంపు ఉంది, అది ఖాయం. ఆ వంపు ఎడమకా కుడికా అన్నదే తేలలేదు. పదిన్నర దాటినా నాతో పనిచేసిన గార్డుకు ఫోన్ చేశాను. ఆయన ఎడమకన్నాడు. నాకు కుడికే గుర్తు. చాలాసేపు వాదించుకున్నాం, మధ్యలో ఇద్దరం ఎవరెవరినో తలుచుకున్నాం. చివరికి ఆయన, "వచ్చే ఆదివారం బీదర్ బండెక్కి పోయి చూద్దాం, పిల్లవాణ్ణి కూడా తీస్కరా" అన్నాడు. మనవడు అప్పుడే ఫోన్ చార్జింగ్‌కు పెట్టాడు, చప్పుళ్లు రికార్డు చేయాలని. కిటికీ పక్క సీటు కావాలట.