చిరునామాకూ కౌలే!

మే నెల వస్తే రెంటచింతల పేరు రాష్ట్రమంతా మోగిపోతుంది. పత్రికలు ఆ ఊరి ఎండను డిగ్రీలతో సహా అచ్చేస్తాయి. ఇంత ఖ్యాతి గల ఊళ్లో ఇంటికో ఇంటర్నెట్ చిరునామా మాత్రం దొరకదు. మిర్చి కల్లానికి పెట్టిన సీసీ కెమెరాను కంపెనీ సర్వరు చుట్టూ తిరక్కుండా నేరుగా మాచర్ల నుంచి చూసుకుంటానంటే కేబులాయన ఒకటే మాటంటాడు: "స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా, తీసుకో అన్నా. నెలనెలా పైన కట్టాలి."

ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆయనా కౌలుదారే. భూస్వాములు వేరే ఉన్నారు. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో లోకానికంతటికీ ఉన్న చిరునామాలు దాదాపు 430 కోట్లు. పంపకాల రోజుల్లో అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థకొక మాన్యం, ఫోర్డు కార్ల కంపెనీకొక మాన్యం రాసిచ్చారు. ఒక్కో మాన్యంలో 1,67,77,216 చిరునామాలు. ఇప్పటి పల్నాడు జిల్లా జనం 2011 లెక్కల్లో 20 లక్షల పైచిలుకు. ఉయ్యాల్లో పిల్లలతో సహా తలా ఎనిమిది పంచినా ఒక మాన్యంలో ఇంకా నాలుగు లక్షలు మిగులు!

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయిలో పంచడానికి సెంటు కూడా మిగల్లేదు. ఏప్రిల్ 15 నాటికి ఆసియా పసిఫిక్ వాటా ఆఖరి ముక్కకొచ్చింది. కొత్తగా ఇంటర్నెట్ వ్యాపారం పెట్టేవాడికి ఇప్పుడిచ్చేది మహా అయితే 512. మన దగ్గర 1973లో వచ్చిన భూపరిమితి చట్టం కనీసం కాగితం మీదైనా ఉన్నవాడికి గీత గీసింది. ఇక్కడ పరిమితి లేనివాడికే.

కొరత పుట్టాక ధర పుట్టక మానుతుందా? దివాలా తీసిన టెలికాం కంపెనీ నోర్టెల్ దగ్గర 2011లో మైక్రోసాఫ్ట్ 6,66,624 చిరునామాలు కొంది. 75 లక్షల డాలర్లు, ఒక్కోటి 11 డాలర్ల పైన. పదేళ్లకు ధర 50 డాలర్లు దాటింది. ఎంఐటీ 2017లో సగం మాన్యం అమ్మకానికి పెడితే అమెజాన్ సంచి పట్టుకొచ్చింది. అదే అమెజాన్ 2024 ఫిబ్రవరి నుంచి తన క్లౌడ్‌లో ఒక్కో చిరునామాకు గంటకు అర సెంటు పుచ్చుకుంటోంది. ఏడాదికి 44 డాలర్లు. దున్నింది లేదు, విత్తింది లేదు, తామర పురుగుకు మందు కొట్టింది లేదు. ఏటా కౌలు మాత్రం ఠంచనుగా!

మరి మన కేబులాయన 512తో ఊళ్లకు ఊళ్లు ఎలా నెట్టుకొస్తాడు? ఒక చిరునామాకు 65,536 పోర్టులు, అంటే అంకెలేసిన దారులు, ఉంటాయి. ఇంటికి వెయ్యి చొప్పున కోస్తే అరవై ఇళ్లు ఒకే గుమ్మంలోంచి బయటికి పోవచ్చు. దీనికి సీజీనాట్ అని గంభీరమైన పేరు. అరవైలో ఒకడు ఏదో వెబ్‌సైట్‌పై వెధవ పని చేస్తే మిగతా యాభై తొమ్మిది ఇళ్లకూ తలుపు మూసేస్తారు, లేదా ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి "నువ్వు మనిషివేనా?" అని నిలదీస్తారు. రేపు పోలీసులొస్తే? ఏ నిమిషంలో ఏ పోర్టు ఎవరి ఇంట్లో ఉందో చిట్టా చూపాలి. రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో కేంద్రం లైసెన్సులోనే రాసింది. ఆ చిట్టా దాచే డిస్కుల ఖర్చు ఎవరి బిల్లులో కలుస్తుందో చెప్పాలా?

మందు లేదా అంటే, 1998 నుంచీ ఉంది. పేరు ఐపీవీ6. 340 పక్కన 36 సున్నాలు పెడితే ఎన్నో, అన్ని చిరునామాలు. మన జేబులో ఫోను చాలాకాలంగా వాటితోనే బతుకుతోంది. 2016లో జియో వచ్చిందే వాటిని నమ్ముకుని. తీగ మీద కొత్త కనెక్షన్లకూ 2022 డిసెంబరు 31 తర్వాత ఇవి ఉండి తీరాలని ఢిల్లీ గడువు పెట్టింది. గడువు వచ్చింది, పోయింది. "రౌటర్లు పాతవన్నా, మార్చాలంటే ఖర్చు" అంటాడు కేబులాయన. నిజమే. ఆ మార్పిడి జరిగితే స్టాటిక్ ఐపీ మీద నెలనెలా వచ్చే పైడబ్బు పోతుందని మాత్రం అనడు.

లెక్కలేనంతగా దొరికేదాన్ని నెలవారీగా అమ్ముకునే కిటుకు ఇంకా ఎవరికీ తట్టలేదు. తట్టిన మర్నాడే ఐపీవీ6 రెంటచింతలలో గడపగడపకూ వచ్చేస్తుంది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు కూడా వస్తారు.