అర ఇంచు పానా

పిల్లగా, ఆ పదమూడు నంబరు పానా కింద పెట్టు. బోల్టుకు ఎక్కుతుంది కదా తాతా అంటావు. ఎక్కుతుంది, ఎందుకెక్కదు? వదులుగా ఎక్కుతుంది. నీ పానా 13 మిల్లీమీటర్లు, నా కారు బోల్టు తల అర ఇంచు, అంటే 12.7. ఆ వెంట్రుకంత సందులోనే పానా జారుతుంది, బోల్టు తల ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఇక దాన్ని విప్పాలంటే ఉలి పెట్టి కొట్టాల్సిందే. వనపర్తిలో ఇవాళ ఏ గ్యారేజీకి పోయినా గోడ నిండా తళతళలాడే పానాలు వేలాడుతుంటాయి. అన్నీ మిల్లీమీటర్లవే. ఇంచుల సెట్టు ఉందా నాయనా అంటే, "అవెక్కడివి పెద్దాయనా?" అంటాడు ఆ కుర్రాడు. నా సెట్టు యాభై ఏళ్ల నాటిది. ఒకదానికి కొస విరిగింది కూడా. అయినా దానికి లొంగని బోల్టు లేదు.

మా ఇంటి వెనక రేకుల షెడ్డు చూశావు కదా. మా నాయన బర్రెల కోసం వేయించింది. పొడవు 14 అడుగులు, వెడల్పు 7 అడుగులు. ఇప్పుడు అందులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, 1966లో మద్రాసులో తయారైన రెండు తలుపుల కారు. దాని పొడవు 12 అడుగుల 9 ఇంచులు, వెడల్పు 5 అడుగులు. పక్కలకు తలా ఒక అడుగు మిగులుతుంది కాబట్టి తలుపు సగమే తెరుచుకుంటుంది, ఊపిరి బిగబట్టి లోపలికి దూరాలి. అది ఎలాగో పడొచ్చు. అసలు చిక్కు ముందు వైపు. తక్కిన కార్లకు బానెట్ అద్దం వైపు లేస్తుంది. హెరాల్డ్‌కు అలా ఉండదు. పక్కనున్న రెండు కొక్కేలు తీసి ఎత్తితే బానెట్టూ, రెండు మడ్‌గార్డులూ, దీపాలూ కలిసి కారు మొహం మొహమంతా ముందుకు వాలుతుంది. ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగ్ రాడ్లు అన్నీ బయటపడతాయి. టైరు మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకున్నంత తీరిగ్గా పని చేసుకోవచ్చు. కానీ అలా వాలడానికి ముందు జాగా కావాలి, నాకు ముందున్నది గోడ. అందుకే ఇంజను చూడాలంటే ముందు బండిని సగం బయటికి తోయాలి. తోయాలంటే ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి ఫోన్ పక్కన పెట్టేదాకా నేను ఆగాలి.

మా రోజుల్లో బండి తోయడానికి ఎవరినీ పిలిచే పని లేదు. బస్సైనా జీపైనా నడిరోడ్డు మీద మొరాయిస్తే చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లంతా గ్లాసులు కింద పెట్టి లేచి వచ్చేవాళ్లు. తోసి, చేతులు దులుపుకుని, మళ్లీ చాయ్ దగ్గరికి. ఇప్పుడు బండి ఆగితే వెనక నుంచి హారన్లు, పక్క నుంచి వీడియోలు.

నేను హెరాల్డ్‌ను మొదటిసారి చూసింది 1969లో. అంతకు ముందు ఏడాదే వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరాను. రాజావారి ప్యాలెస్‌లోనే కాలేజీ, 1959 నుంచి. ఆ ఎత్తయిన కప్పుల కింద కూర్చుని డ్రాయింగ్ గీసినవాడికి తర్వాత ఏ ఆఫీసు గదిలోనూ ఊపిరాడదు. మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమం వచ్చింది, కాలేజీలు మూతపడ్డాయి, నేను బస్టాండు దగ్గరున్న ఒక ఉస్తాద్ గ్యారేజీలో కూర్చోవడం మొదలుపెట్టాను. గ్యారేజీ అంటే ఒక వేపచెట్టు, దాని కొమ్మకు వేలాడే గొలుసు, ఒక టేకు బల్ల. ఇంజను ఎత్తాలంటే ఆ కొమ్మే ఆధారం. ఒకరోజు గద్వాల నుంచి ఒక డాక్టరుగారి హెరాల్డ్ వచ్చింది. ఉస్తాద్ ఆ కొక్కేలు తీసి బానెట్ ఎత్తగానే, కృష్ణ ఒడ్డున మొసలి నోరు తెరిచినట్టుంది నాకు. ఇంట్లో అన్నం కోసం ఎదురు చూస్తున్నారన్న సంగతి మరిచి సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను.

అప్పట్లో మనకు కారంటే మూడే రకాలు: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. మీకిప్పుడు లెక్కలేనన్ని. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, పేరు చదివితే గానీ ఏదో తెలియదు. హెరాల్డ్‌ను అరకిలోమీటరు దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లం. దాని రూపం గీసింది మిఖెలోట్టి అనే ఇటలీ ఆయన. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెస్తే, రెండేళ్లకు మద్రాసులో మనవాళ్లు తయారు చేయడం మొదలుపెట్టారు. ఇంజను 948 సీసీ. 25 అడుగుల జాగాలో గిర్రున చుట్టు తిరుగుతుంది. గద్వాల కోట లోపలి సందుల్లో డాక్టరుగారు రివర్సు వేయకుండా తిప్పుకుని వచ్చేవారంటే అందుకే.

ఉస్తాద్ నాతో మూడు నెలలు కిరోసిన్‌లో నట్లు కడిగించాడు. అంతే పని. నాలుగో నెలలో పాయింట్లు ముట్టుకోనిచ్చాడు. గ్యాప్ 15 థౌ, అంటే ఇంచులో వెయ్యో వంతులు పదిహేను ఉండాలి. ఫీలర్ గేజ్ ఎక్కడిది, అగ్గిపెట్టె అట్ట చింపి మధ్యలో పెట్టేవాడు. అట్ట బిగుతుగా జారితే సరిపోయినట్టే. ఇంజనులో ఏదైనా చప్పుడొస్తే పొడవాటి పేచ్‌కస్ కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఒక్కో సిలిండరు దగ్గరా ఆగి వినేవాడు. వాల్వు దగ్గర టకటక, అడుగున బేరింగు దగ్గర డబడబ, రెండూ వేరు వేరు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇప్పుడు కంప్యూటరు తగిలిస్తారు, అది ఏదో నంబరు చెబుతుంది, ఆ నంబరుకు తగ్గ సామాను మారుస్తారు. పోయిన ఏడాది మా అల్లుడి బండికి ఒక చోట సెన్సారు మార్చి పదకొండు వేలు తీసుకున్నారు. హెచ్చరిక దీపం మళ్లీ వెలిగింది. నేను వెళ్లి చూస్తే ఎలుక కొరికిన వైరు. ఆ పిల్లవాడిని నేను తప్పు పట్టను, వాడికి చెవి పెట్టి వినడం ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి వేపచెట్టే లేదు, అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేచింది.

ఈ కారు నాకు దొరికింది అలంపూర్ వైపు ఒక పల్లెలో, 2016లో. మన పాలమూరు జిల్లాను ముక్కలు చేసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తలా ఒక జిల్లా అన్న ఏడాది అది. అంతకు ముందు మూడింటికీ ఒకటే జిల్లా. కారు పశువుల కొట్టంలో ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర అలంపూర్ మీద, రాజోలి మీద విరుచుకుపడింది కదా, ఆ వరదలో స్టీరింగ్ దాకా మునిగిందట. నీళ్లు పోయాక ఎవరూ దాన్ని ముట్టలేదు. షెడ్డుకు తెచ్చి తలుపు కింది డొల్ల రేకు కోస్తే, లోపల గట్టిపడిన ఒండ్రు, దానిలో ఎండిన వరిగడ్డి. గడ్డపారతో పొడిచి తీశాను, రెండు తట్టలైంది. ఆ మట్టి మీ అవ్వ మందార చెట్టుకు వేసింది, చెట్టు బాగానే వచ్చింది.

రేకు బాగుందో లేదో చూడటానికి చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది పలకదు, తడి గోడను కొట్టినట్టు దబ్ అంటుంది. పలకని చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. గీసి చూస్తే సగం కారు తెల్లగా అయింది. గ్యాస్ వెల్డింగ్ పెట్టి కొత్త రేకును పాతదానికి అతికించే రోజున గద్వాల నుంచి నా పాత స్నేహితుడు, మగ్గం మీద నలభై ఏళ్లు కూర్చున్నవాడు, వచ్చి చూశాడు. గద్వాల చీర సంగతి నీకు తెలుసు కదా, ఒళ్లంతా నూలు, అంచుకు పట్టు, రెండూ కలిసే చోట పోగూ పోగూ పెనవేస్తారు. ఆయన చాలాసేపు చూసి, "పాతదాన్ని ఎక్కువ కాల్చకు, అది లాక్కుంటుంది" అన్నాడు. వెల్డింగు గురించి ఏమీ తెలియని మనిషి. నిజంగానే రేకు లాక్కుని ముడతపడింది. తర్వాత ఇంచుకొక చుక్క పెట్టుకుంటూ, చల్లారనిస్తూ పోయాను.

మా రోజుల్లో ఇలాంటి పని ఊరందరి చేతుల్లో ఉండేది, నాయనా. ఇంకోటి చెబుతా విను. కార్బురేటర్‌లో ఒక ఇత్తడి డబ్బీ ఉంటుంది, పెట్రోల్ మీద తేలుతూ, చాలినంత రాగానే దారి మూసేస్తుంది. ఫ్లోట్ అంటారు. చెవి దగ్గర పెట్టి ఊపితే నాదానిలో పెట్రోల్ గలగలమంది. అంటే ఎక్కడో చిల్లు పడి లోపలికి దిగింది. చిల్లు కంటికి కనిపించదు. వేడి నీళ్ల గిన్నెలో ముంచితే లోపలి పెట్రోల్ ఆవిరై, చిల్లు నుంచి సన్నటి బుడగలు బారుగా వస్తాయి. అక్కడ గోటితో గుర్తు పెట్టి, పొయ్యికి దూరంగా, ఎండలో ఆరబెట్టి, లోపల చుక్క మిగల్లేదని చూసుకుని, అవుసలాయన దగ్గరికి తీసుకుపోయాను. నేనే టంకం పెట్టొచ్చు, కానీ నా చేయి మొరటు. టంకం ఎక్కువైతే డబ్బీ బరువెక్కుతుంది, సరిగ్గా తేలదు, పెట్రోల్ పొంగిపోతుంది. ఆయన ముందు దాన్ని బంగారం తూచే త్రాసులో తూచాడు. చిల్లు మూసి, ఆకురాయితో పైపైన రుద్ది, మళ్లీ తూచాడు. గురిగింజ ఎత్తు కూడా పెరగలేదు. ఎంతివ్వమంటావంటే, "దీనికేం తీసుకుంటాను సార్, ఒకసారి కారెక్కించు" అన్నాడు. ఆయన కొట్టున్న బజారులో అలాంటివి ఒకప్పుడు వరుసగా ఉండేవి. ఇప్పుడు ఏసీ షోరూములు వచ్చాయి. వాళ్ల దగ్గరికి ఇత్తడి డబ్బీ పట్టుకుపోతే గేటు దగ్గరే ఆపుతారు.

నీ వైపు కూడా ఒక మాట చెప్పాలి, న్యాయం కాబట్టి చెబుతున్నా. ఈ బండి ముందు చక్రాన్ని మోసేది ట్రనియన్ అనే కంచు ముక్క. దానికి గ్రీజు పెట్టకూడదు, ఈపీ 90 గేర్ ఆయిలే ఎక్కించాలి. తెలియక గ్రీజు పెట్టినవాళ్ల బండ్లకు లోపలి మరలు అరిగి, ఒకరోజు నడిరోడ్డు మీద చక్రం మడతపడేది. నాదానికి రెండు పక్కలా అరిగే ఉన్నాయి. హైదరాబాద్‌లో రెండుసార్లు తిరిగాను, ఎక్కడా లేవు. నువ్వే ఫోన్‌లో వెతికి ఇంగ్లండ్ నుంచి తెప్పించావు, పన్నెండో రోజుకు వనపర్తిలో మా గుమ్మం ముందున్నాయి. పైగా అక్కడ అవి ఇంకా ఎందుకు తయారవుతున్నాయో కూడా చూపించావు. 1962లో ట్రయంఫ్ వాళ్లు హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి, దాని మీద స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారట. అదే బానెట్ వాలుడు, అవే ట్రనియన్లు. "తాతా, మన షెడ్డులో ఉన్నది సగం స్పోర్ట్స్ కారు" అన్నావు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అయినా నా సణుగుడు నాకుంది. పెట్రోల్ సంగతి తీసుకో. మా రోజుల్లో పెట్రోల్‌లో సీసం ఉండేది, వాల్వు సీట్లను అదే కాపాడేది. 2000లో దేశమంతా తీసేశారు. సీసం పసిపిల్లల బుర్రకు విషమట, తీసేయడం మంచిదే, ఒప్పుకుంటాను. ఇప్పుడు నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరును ఉబ్బించి తినేస్తుంది. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ నేను రెండుసార్లు మార్చాను. చెరకు రైతుకు మేలంటారు, సరే, నా డయాఫ్రమ్ సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

కాగితాల పని ఇంకో కథ. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని పెట్టారు. కొత్తగా చేయించుకుంటే 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, నంబరులో వీఏ అని రెండక్షరాలు వస్తాయి. ఆ రెండక్షరాలు వస్తే మాత్రం బండిని రోజూ వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. నాకు వద్దు. నేను ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించుకుని మామూలు నంబరే ఉంచుకుంటా. పూలదండ వేసి చూసుకోవడానికా రెండు తట్టల ఒండ్రు తీసింది? పెబ్బేరు మీదుగా పోయి, కృష్ణ దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టి, ఎర్రవల్లి దగ్గర తిరిగి గద్వాల పోవాలి. కోట సందుల్లో డాక్టరుగారు తిప్పుకున్నట్టే 25 అడుగుల్లో చుట్టు తిప్పాలి. నలభై దాటకుండా నడుపుతాను. వెనక హారన్లు కొడతారు, కొట్టనీ. అవుసలాయన ముందు సీట్లో కూర్చుంటాడు, మాట ఇచ్చాను. నువ్వు వెనక.

రేపు పొద్దున ఏడింటికి రా, ఎండెక్కక ముందే. ముందు బండిని సగం బయటికి తోద్దాం. తర్వాత కుడి కొక్కెం నువ్వు తీయి, ఎడమది నేను తీస్తా, రెండూ ఒకేసారి రావాలి, లేకపోతే మొహం మెలితిరుగుతుంది. మడ్‌గార్డు అంచు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా ఎత్తు. టాపెట్లు పది థౌకు పెట్టి, ప్లగ్గుల వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో తగిలించి, స్టార్టు కొట్టి చూద్దాం. పేచ్‌కస్ నీ చెవికే పెడతా. ఆ పదమూడు పానా మాత్రం ఇంట్లోనే పెట్టి రా.