బస్టాపులో బండి పెట్టు విధానం

కావలసినవి: బండి ఒకటి. కారు శ్రేష్ఠం, స్కూటరైనా ఫర్వాలేదు. కొనాల్సిన వస్తువు ఏదో ఒకటి: బీపీ మాత్రలు, పావుకిలో జిలేబీ, ఫోనుకి స్క్రీన్ గార్డు. తొందర తగినంత. సిగ్గు చిటికెడు, అదీ ఇష్టముంటేనే.

ముందు చోటు వెతకాలి. సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో రోడ్డు పక్కన కారు పట్టేంత జాగా కనిపించిందంటే అనుమానించాల్సిందే. హైదరాబాదులో అంత ఖాళీ ఊరికే ఉండదు. అది బస్టాపు. నేల మీద తెల్ల రంగుతో ‘బస్’ అని మీటరు ఎత్తు అక్షరాలు కూడా కనిపించొచ్చు. కంగారు పడకుండా ముందు టైర్లు వాటి మీదికి ఎక్కించండి, ఇక కనిపించవు. బస్సు కిటికీలోంచి సీటు మీదికి విసిరిన జేబురుమాలుకి మనం ఎంత మర్యాద ఇస్తాం! దాన్ని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. ఎందుకంటే రుమాలు వెనక ఒక మనిషి ఉంటాడు, పోట్లాడటానికి వస్తాడు. రోడ్డు మీద రంగు వెనక ఎవడూ రాడు.

చట్టం గురించి దిగులొద్దు. బస్టాపు దగ్గర బండి పెట్టకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. బడి గేటు, ఆసుపత్రి గుమ్మం వీటి సరసనే బస్టాపునీ చేర్చారు. 2017లో వాటి బదులు కొత్త నిబంధనలు వచ్చాయి. మనం పక్షపాతం చూపకుండా రెండింటినీ చదవలేదు. 2022 అక్టోబరులో నగర ట్రాఫిక్ పోలీసులు అడ్డదిడ్డం పార్కింగుల మీద ‘ఆపరేషన్ రోప్’ మొదలెడితే, ఆ పేరు విని కొన్నాళ్లు నాలుగడుగులు అవతల పెట్టుకున్నాం.

చలానా పడితే వెంటనే కట్టేయడం మాత్రం అమాయకత్వం. 2023 డిసెంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పాత చలానాలకు రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకూ తోపుడుబళ్లకూ 90. అంతకు ముందు నెలలో బుద్ధిగా పూర్తి డబ్బు కట్టినవాడి మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. అన్నట్టు, బస్సులకి 90 శాతం తగ్గించారంటే బస్సులకీ చలానాలు పడుతున్నట్టే కదా. ఈ పాయింటు దాచి పెట్టుకోండి, ముందు ముందు వాదనలో పనికొస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. స్టీరింగు పక్కన ఎర్ర త్రికోణం బొమ్మతో ఒక బటన్ ఉంటుంది. నొక్కగానే నాలుగు ఇండికేటర్లూ కొట్టుకోవడం మొదలెడతాయి. దారిలో బండి చెడిపోతే వెనకవాళ్లని హెచ్చరించడానికి ఆ బటన్ పెట్టామని కంపెనీవాళ్లు పుస్తకంలో రాసుకున్నారు, పాపం. దాని అసలు శక్తి వాళ్లకి తెలియదు. ఆ లైట్లు టిక్కు టిక్కుమంటున్నంత సేపూ మన కారు ఆగినట్టు కాదు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో బయల్దేరబోతున్నట్టు. ‘నాకు తెలుసు, నేను తప్పు చోట ఉన్నాను, అందుకే కదా లైట్లు వేశాను’ అని అది మన తరఫున అందరికీ మనవి చేస్తుంటుంది. తప్పు తెలిసి చేసేవాడు తెలియక చేసేవాడికంటే మర్యాదస్తుడని మన లెక్క. 

లైట్లు వేశాక దిగాలి, తలుపు వేయాలి, ఎవరూ అడక్కపోయినా గాల్లోకి ఒక మాట వదలాలి: ‘రెండు నిమిషాలే.’ ఈ రెండు నిమిషాల దగ్గర కొంచెం ఆగుదాం. ఎందుకంటే ఇందులో అబద్ధం లేదు. మనం నిజంగానే రెండు నిమిషాల్లో వచ్చేద్దామనే వెళతాం. మందుల షాపులో మనకంటే ముందు ఒకాయన చీటీ మడతలు విప్పుతూ ఉంటాడు. ‘స్ట్రిప్పు కట్ చెయ్యం సార్, మొత్తం తీసుకోండి’ అంటాడు షాపతను. నాలుగు మాత్రలకి పది కొనడమా వద్దా అని ఇంటికి ఫోను చేస్తాం. ఫోనులో చెల్లింపు చక్రం తిరుగుతూ తిరుగుతూ ఆగుతుంది. డబ్బులు అందాయని కౌంటరు మీది పెట్టె అరిచేదాకా షాపతను కవరు వదలడు. పోనీ ఐదు నిమిషాలు. మనం వచ్చి బండి తీసేలోపే వెనక ఇంకొకాయన కాచుకుని ఉంటాడు. మన లైట్లు చూసే ఆయనకి ధైర్యం వచ్చింది. ఆయనకీ రెండు నిమిషాల పనే, కర్రీ పాయింటులో సాంబారు. ఆయన వెనక పాపని ట్యూషన్ నుంచి తీసుకెళ్లే తల్లి. ఆ చోటు సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒక్క క్షణం ఖాళీగా ఉండదు. అయినా అక్కడ బండి పెట్టి పోయినవాడంటూ ఎవడూ లేడు. అందరూ రెండు నిమిషాల వాళ్లే. ఎవరిని పట్టుకుని అడిగినా నిజమే చెబుతారు.

లైట్లు చాలవనిపిస్తే వెనక సీట్లో అత్తగారిని కూర్చోబెట్టి దిగండి. మనిషి ఉన్న బండి పార్కింగు కిందికి రాదు. ఆవిడకి డ్రైవింగు రాకపోతే మరీ మంచిది.

ముందే రెండు ఆటోలు ఉంటే వాటి వెనక చేరండి. తప్పు వాటి మీదికి పోతుంది.

బస్సు కోసం నిలబడ్డవాళ్ల కళ్లలోకి చూడకండి.

‘నా కారు జానెడు, బస్టాపు బారెడు, మిగతా చోట్లో బస్సు ఆపుకోవచ్చుగా’ అని ఒక వాదన ఉంది. బాగానే ఉంటుంది గానీ బస్సు పీతలా పక్కకి జరగదు. పన్ను కలిసొస్తుందని మన చిన్న కార్లని కంపెనీలు 4 మీటర్లలోపు కొలిచి చేస్తాయి. సిటీ బస్సు 11, 12 మీటర్లు ఉంటుంది. అది కాలిబాట పక్కకి వచ్చి తిన్నగా నిలవాలంటే ముందు మూతి దూర్చాలి, తర్వాత తోక లాక్కోవాలి. దానికి తన పొడవు కంటే ఎక్కువ ఖాళీ కావాలి. బస్టాపు నడిమధ్యన ఒక్క చిన్న కారు ఉంటే చాలు, మూతి లోపల, తోక రోడ్డు మీద. బస్సు అడ్డంగా నిలబడి రెండు వరసలూ మూసేస్తుంది. అలా ఇరుక్కోవడం కంటే రోడ్డు మధ్యలో తిన్నగా ఆపడమే నయమని డ్రైవరు అనుకుంటాడు. అతను చేస్తున్నది తప్పే. ఆ తప్పుకి చోటు చూపించింది మాత్రం మన 4 మీటర్లు.

అక్కడి నుంచి వేడుక మొదలవుతుంది. షెల్టర్లో కూర్చున్నవాళ్లకి ఎస్‌యూవీల అవతల వచ్చేది 8ఏ నంబరు బస్సో కాదో కనపడదు. అందుకే ముందే లేచి రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. 2018లో నగరంలో ఏసీ బస్ షెల్టర్లు కూడా కట్టారు. చల్లగా కూర్చోవచ్చు, బస్సు దొరకాలంటే మాత్రం బయటికొచ్చి ఎండలో నిలబడాలి. బస్సు ఆగగానే అందరూ కార్ల సందుల్లోంచి పరుగు. బస్సుకీ కారుకీ మధ్య మిగిలిన మూడడుగుల సందులోంచి ఒక బైకు హారన్ కొట్టుకుంటూ దూరుతుంది. ఒక పెద్దావిడ ఒక చేత్తో కూరగాయల సంచీ, ఇంకో చేత్తో తలుపు రాడ్డు పట్టుకుని కాలెత్తుతుంది. కాలిబాట మీది నుంచైతే మెట్టు అందేది. రోడ్డు మీది నుంచి ఆ మొదటి మెట్టు మోకాలి దాకా ఉంటుంది. ఒకసారి ప్రయత్నిస్తుంది, అందదు. సంచీ ముందు లోపల పెడుతుంది. ‘జల్దీ ఎక్కమ్మా, ఎనక బండ్లు ఆగినయ్’ అంటాడు కండక్టరు. ‘రైట్... రైట్’ అనేసరికి ఆవిడ ఇంకా ఫుట్‌బోర్డు మీదే ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం. టికెట్టు ఖర్చు తీసేయగలిగాం. ఆ మెట్టు మాత్రం ఆవిడే ఎక్కాలి.

ఇందులో వెటకారం ఏమీ లేదు. బండి సర్వీసింగుకి ఇచ్చిన రోజు నేనూ అక్కడే నిలబడి, లైట్లు వేసుకుని నిలిచిన కార్లన్నిటినీ పేరుపేరునా తిడతాను. బండి చేతికి రాగానే ఆ కోపాన్ని మెకానిక్ షెడ్డులోనే వదిలేసి వస్తాను.

సరే, పాఠంలోకి వద్దాం. డ్రైవరుతో వాదించు పద్ధతి. మనం మందుల కవరు ఊపుకుంటూ వచ్చేసరికి బస్సు మన బంపరు వెనకే గుర్రుమంటూ ఉంటుంది. కిటికీలోంచి డ్రైవరు తల బయటికి వస్తుంది.

‘ఏం సారూ, బస్టాపు కనవడ్తలేదా?’

‘రెండు నిమిషాలేనన్నా, మందులు.’

‘లోపట డెబ్బై మందున్నరు. నీ ఒక్కనికోసం ఆగాల్నా?’

‘రోడ్డు ఖాళీగనే ఉందిగదా, పక్కనుంచి పో!’

‘పక్కనుంచి పోతే వీళ్లెట్ల ఎక్కుతరు? రోడ్డేమన్న మీ నాయిన ఏయించిండా?’

నాయిన దాకా వచ్చాక మన బ్రహ్మాస్త్రం తీయాలి: ‘రోజూ నడిరోడ్డు మీదనే ఆపుతవ్ గదన్నా, ఇయ్యాలనే యాదికొచ్చిందా బస్టాపు?’ దీనికి అతని దగ్గర జవాబుండదు. కావాలంటే చలానాల రాయితీ పాయింటు కూడా ఇక్కడే వాడుకోవచ్చు. చుట్టూ చేరినవాళ్లలో సగం మంది తలూపుతారు, ఎందుకంటే మనం అన్నది నిజం. బస్టాపు మొత్తం ఖాళీగా ఉన్న రోజున కూడా చాలా బస్సులు లోపలికి రావు. 

ఎందుకు రావో ఒకసారి బస్సులో ముందు సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. లోపలికి వెళ్లడం తేలిక, బయటికి రావడం కష్టం. కుడి ఇండికేటరు వేసి, కిటికీలోంచి చెయ్యి కూడా ఊపి, డ్రైవరు దారి అడుగుతాడు. కారు ఆగదు, ఆటో ఆగదు, బైకులు అసలే ఆగవు. బస్సుకి దారిస్తే జీవితాంతం దాని వెనకే పడి ఉండాలని మన భయం. ఇటు ట్రిప్పు టైము దాటిపోతుంటుంది. అటు లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో డిపోలో లెక్క చూస్తారు. ఆగిన బస్సుని మళ్లీ ఫస్ట్ గేరులో లాగిన ప్రతిసారీ ఆ లెక్క పడిపోతుంది. దాంతో తోక రోడ్డు మీదే ఉంచుకోవడం అలవాటైపోయింది. బస్సు ఎలాగూ లోపలికి రాదు కదా అని మనం బండి పెడతాం. బండ్లు ఎలాగూ ఉంటాయి కదా అని అతను లోపలికి రాడు. ఎవరు మొదలెట్టారని అడిగితే ఇద్దరూ ఎదుటివాడినే చూపిస్తారు. ఇద్దరి మధ్యా మిగిలిన ఖాళీలోకి షేర్ ఆటో వచ్చి ‘ఎల్‌బీనగర్, ఎల్‌బీనగర్’ అంటుంది.

మాట మాట పెరిగి చెయ్యి లేవబోతే ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇది నిజమైన సలహా, వెటకారం కాదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం ఆర్టీసీ సిబ్బంది ‘పబ్లిక్ సర్వెంట్ల’ కిందికే వస్తారు. డ్యూటీలో ఉన్న అలాంటి మనిషి పని ఆపేలా దౌర్జన్యం చేస్తే ఇదివరకు ఐపీసీ 353, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 132. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. నాలుగు మాత్రల కోసం వచ్చినవాడికి అది కాస్త ఎక్కువే. పైగా బస్సులో కిటికీకి ఒకరు చొప్పున వీడియో తీస్తుంటారు.

ఇక బండి తీయు విధానం. నెమ్మదిగా కూర్చోండి, బెల్టు పెట్టుకోండి, అత్తగారికి మందుల కవరు అందించండి, ఆ నాలుగు లైట్లూ ఆర్పండి. ఆ ఆర్పడంలో కొంచెం విసుగు కనిపించాలి. మనల్ని తొందర పెట్టింది వాళ్లేనని వెనకవాళ్లకి తెలియాలి. కుడి ఇండికేటరు వేసి రోడ్డు మీదికి రండి. బస్సు దారి ఇవ్వకపోతే, ‘ఈ ఆర్టీసీ వాళ్లకి అసలు పద్ధతే లేదు’ అని వెనక సీటుకి వినపడేలా అనండి.

తర్వాతి బస్టాపు దగ్గర మళ్లీ ఆ బస్సు వెనకే ఇరుక్కుంటారు. అది నడిరోడ్డు మీద ఆగి ఉంటుంది, దాని ఎడమవైపు ఎవరిదో కారు నాలుగు లైట్లూ కొట్టుకుంటూ నిలబడి ఉంటుంది. హారన్ మీద చెయ్యి వేసి తీయకండి. బస్సుని చూసే కొట్టండి, కారుని కాదు.