వెయ్యి గజాల వేదాంతం

టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాళ్ళకి నలభై దాటగానే కాళ్ళు వాటంతటవే గోల్ఫు మైదానం వైపో, అమ్మకానికున్న ప్లాట్ల వైపో నడుస్తాయి. నేను మాత్రం ఎర్రటి ఎండలో బోర్లా పడుకుని, వెయ్యి గజాల అవతలున్న ఇనప పలకని రైఫిల్‌తో కొట్టే పనిలో పడ్డాను. అప్పట్నించి ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా ఎవరో ఒకరు పక్కకి పిలిచి, "అన్నా, మేమూ మొదలెడదామనుకుంటున్నాం" అంటున్నారు.

ముందు వీసా చూసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళని, వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇక్కడి ఫెడరల్ చట్టం తుపాకీ ముట్టుకోనివ్వదు. గ్రీన్ కార్డు దాకా ఆగండి. ఈ ఆటకి కావలసిన ఓర్పంతా ఆ క్యూలోనే అబ్బుతుంది.

తూటాల్లో 1952 నాటి .308 వించెస్టర్ గొప్పదా, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ గొప్పదా అని రేంజిలో ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల్లా వాదించుకుంటారు. మీరు తలదూర్చకుండా క్రీడ్‌మోర్ కొనుక్కోండి. భుజానికి తన్ను తక్కువ. స్కోపుకి మాత్రం కన్ను ఆనించకండి. పేలగానే అది వెనక్కొచ్చి కనుబొమ మీద నెలవంక గీస్తుంది. సోమవారం మీటింగులో మేనేజరు జాలిగా చూసి, ఇంట్లో అంతా కులాసాయేనా అని అడుగుతాడు.

సాధన ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చెయ్యొచ్చు. తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబరు ఖాళీయేనని ఒకటికి రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ చివర ఒక నాణెం నిలిపి ట్రిగ్గర్ నొక్కండి. నాణెం పడకూడదు. వంటింట్లోంచి "ఏమండీ, ఆ చిల్లర ఆట అయ్యాక చెత్త బయట పెడతారా?" అని వినపడ్డప్పుడు కూడా పడకపోతే మీరు పోటీలకి తయారైనట్టే.

తుపాకీ కదలకపోతే ఏమవుతుందో 1860 జూలైలో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి చూపించింది. ముందే గురిపెట్టి స్టాండుకి బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌కి తాడు కట్టారు, ఆవిడ లాగింది. నాలుగువందల గజాల దూరంలో నడిమధ్యకి అంగుళంపావు పక్కన తగిలింది. మనకి ఆ సదుపాయం లేదు.

అసలు గొడవ గాలితో. వెయ్యి గజాలు వెళ్ళేసరికి తూటా పాతిక అడుగుల పైనే కిందికి దిగుతుంది గానీ, దానికి భయపడక్కర్లేదు. భూమి ఎప్పుడూ ఒకేలా లాగుతుంది, ఫోన్లో యాప్ లెక్క చెబుతుంది. గాలి అలా కాదు. గంటకి పది మైళ్ళ అడ్డగాలి క్రీడ్‌మోర్ తూటాని సుమారు ఆరడుగులు పక్కకి నెట్టేస్తుంది. మీ పక్క జెండా ఒకటి చెబుతుంది, ఐదొందల గజాల దగ్గరి గడ్డి ఇంకోటి చెబుతుంది. స్పాటింగ్ స్కోపులో చూస్తే పలక ముందు ఎండమావి ఎడమకి పారుతుంటుంది. నెమ్మదిస్తుంది. నిట్టనిలువుగా మరుగుతుంది. గాలి ఆగిందనుకుని మీరు ఊపిరి సగం వదిలి వేలు బిగించేలోగా కుడికి పారడం మొదలెడుతుంది.

పేల్చాక తూటా చేరడానికి సెకనున్నర, 'టింగ్' అన్న కబురు వెనక్కి రావడానికి ఇంకో రెండున్నర సెకన్ల పైన. ఆలోగా ఇలవేల్పుని తలుచుకోవడానికి సమయం ఉంటుంది. టింగ్ రాకపోతే రైఫిల్‌ని తిట్టకండి, అది మర్యాద కాదు. "గాలి మారింది" అని కాస్త గట్టిగా గొణగండి. పక్క చాపల మీద పడుకున్నవాళ్ళంతా గంభీరంగా తలూపుతారు. తర్వాతి వంతు వాళ్ళదే మరి.