గుర్తు తెలియని శవం, అన్నీ తెలిసిన ఊరు

భోగాపురం దగ్గర హైవే పక్కనో, ముక్కాం ఒడ్డునో ఎవరిదో శవం కనిపించిందనుకోండి. వీఆర్వో రావాలి, ఎస్సై రావాలి, శవపంచనామా జరగాలి, పోస్టుమార్టానికి పంపాలి. అంత ఆలస్యాన్ని మన టీకొట్టు భరించలేదు. గ్లాసు సగమయ్యేలోపు ఆ పోయినాయన ఊరు, కులం, అప్పులు, అక్రమ సంబంధం అన్నీ తేలిపోతాయి. పేరొక్కటే తేలదు.

"ఒడిశావోడే మావా, ఎయిర్‌పోర్టు పనికొచ్చినోడు. సూస్తే తెలీదేటి?" అంటాడొకడు. బోర్లా పడున్న మనిషిని, అదీ ఫోన్లో, వీపు మాత్రం చూసి రాష్ట్రం చెప్పేయగల దివ్యదృష్టి అది. "కాదెహె, భూమి గొడవ. రేట్లు ఇలాగుంటే ఊరుకుంటారేటి?" అని రెండోవాడు. 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేయించుకున్న విమానాశ్రయం పక్కనున్నాక ఇక్కడెవరూ మామూలుగా చావడానికి వీల్లేదు. గుండెపోటు, లారీ గుద్దేసి పోవడం లాంటివి భూముల ధరలు పెరగని మండలాలవాళ్లకి.

పోలీసుల ప్రకటన ఎంత చప్పగా ఉంటుందో చూడండి. వయసు నలభై అయిదు, యాభై మధ్య. చామనఛాయ. నీలిగళ్ల లుంగీ. కుడి మోచేతి కింద పచ్చబొట్టు. ఆచూకీ తెలిసినవారు ఫలానా నంబరుకు తెలియజేయగలరు. ఇందులో కథేదీ? అందుకే మనవాళ్లు ఫొటో ఉంచుకుని, పచ్చబొట్టు సంగతి పీకేసి, "ప్రియురాలి కోసం వచ్చి..." అని తగిలించి వాట్సాప్‌లో వదులుతారు. ఎక్కడో వెతుక్కుంటున్న ఆయన ఇంటావిడ పోల్చుకోగలిగేది ఆ పచ్చబొట్టునే. పక్క మండలంలో తండ్రి కోసం తిరుగుతున్న కొడుకు, "ఒడిశావోడట" అని విన్నాక మార్చురీ దాకా ఎందుకు వెళతాడు?

ఈ జబ్బు మనకొక్కరికే లేదు లెండి. 1948 డిసెంబరు 1న ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర సోమర్టన్ బీచ్‌లో ఒకాయన శవం దొరికింది. బట్టలకి లేబుళ్లు లేవు. లోపలి జేబులో ఉమర్ ఖయ్యాం రుబాయీల పుస్తకం చివరి పేజీ నుంచి చింపిన చిన్న కాగితం ముక్క. ఇంకేం కావాలి? రష్యా గూఢచారి అన్నారు, విషం పెట్టారన్నారు, రహస్య లిపి అన్నారు, పుస్తకాలకి పుస్తకాలు రాశారు. చివరికి 2022లో డెరెక్ అబ్బాట్ అనే ప్రొఫెసరు, శవం ముఖానికి తీసిన ప్లాస్టర్ అచ్చులో ఇరుక్కున్న వెంట్రుకల డీఎన్ఏ పట్టుకుని, ఆయన మెల్‌బోర్న్‌కి చెందిన కార్ల్ వెబ్ అని ప్రకటించాడు. వృత్తి ఎలక్ట్రికల్ పరికరాలు తయారుచేయడం. డెబ్బై ఏళ్లకు పైగా గూఢచర్యం చేసిన శవం, పాపం, మేస్త్రీ ఉద్యోగానికి దిగిపోయింది.

మన విమానాశ్రయానికి ఎవరి పేరు పెట్టుకున్నామో, ఆ అల్లూరి సీతారామరాజుని 1924 మే 7న కాల్చి చంపాక కూడా, చనిపోయింది రాజు కాదని, తప్పించుకున్నాడని చాలాకాలం చెప్పుకున్నారు. మనిషిని వదులుకోలేక పుట్టిన పుకారు అది, దాన్ని క్షమించొచ్చు. టీకొట్టు పుకారుకి ఆ సాకు కూడా లేదు. పొద్దు గడవడమే దాని పని.

మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లే మత్స్యకారులు తక్కువేం కాదు. 2018లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలైనవాళ్లలో ఎక్కువమంది మన ఉత్తరాంధ్రవాళ్లే. రేపు అక్కడ మనవాడొకడు ఒడ్డుకి కొట్టుకొస్తే, వేరావల్ టీకొట్టు "మద్రాసీ, తాగి పడ్డాడు" అని తీర్పిస్తే ఒప్పుకుంటారా మావా?

చూసిందేమైనా ఉంటే, అంటే ఆ పోయినాయన ఏ బస్సు దిగాడో, చేతిలో ఏ సంచీ ఉందో, ఎవర్ని దారి అడిగాడో, స్టేషనుకెళ్లి చెప్పండి. లేదంటే 112కి ఫోన్ చేయండి. నలుగురికీ పంపాలనే ఉంటే ఆ పచ్చబొట్టు సంగతి పంపండి. ఇవేవీ తెలియకపోతే టీ డబ్బులిచ్చేసి లేవండి.