ట్యాబ్‌ను ఎండలో పెట్టండి

జల్‌పల్లిలో మా మిద్దె మీద నిలబడితే శంషాబాదు నుంచి లేచే పెద్ద విమానాలు కనిపిస్తాయి. నేను చిన్న సెస్నా విమానం నడపడం నేర్చుకున్న నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. అందుకే ఎర్రకుంట, షాహీన్‌నగర్, బాలాపూర్ వైపు పైలట్ శిక్షణ కోసం రూపాయి రూపాయి కూడబెడుతున్న పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు మా గుమ్మం తొక్కుతారు. వాళ్ళందరూ ముందుగా అడిగేది ఒకటే: “అన్నా, ఏ ట్యాబ్ కొనాలె?”

అడగడంలో తప్పు లేదు. వెనకటి పైలట్లు మ్యాపులు, మాన్యువళ్ళు, రన్‌వే పటాలు కుక్కిన బరువైన తోలు సంచి మోసేవారు. 2010లో ఐప్యాడ్ వచ్చింది. మరుసటి ఏడే అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ తన పైలట్ల చేతికి ఐప్యాడ్లు ఇచ్చింది. ఆ సంచి పలకలోకి దూరింది. దాన్నే ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్ అంటారు, మేం ఈఎఫ్‌బీ అంటాం. పెద్ద కంపెనీల్లో దీనికి అనుమతులు, పరీక్షలు, పక్కన ఇంకో పైలట్, ఇంకో ట్యాబ్ ఉంటాయి. చిన్న విమానంలో ఒక్కడే పైలట్, ఒక్కటే ట్యాబ్. అందుకే నేను చెప్పే సలహాలు వినగానే తలకిందులుగా ఉన్నాయంటారు. ఉంటే ఉండనివ్వండి. ప్రతి మాటా మనసులోంచి చెబుతున్నదే.

1. ట్యాబ్ కొనేముందు నోటుబుక్కు కొనండి

ఇవాళ ప్రపంచమంతా వాడే జెప్పెసెన్ చార్టులు పుట్టింది ఒక చిన్న నోటుబుక్కులో. ఎల్రీ జెప్పెసెన్ అమెరికాలో టపా విమానాలు నడిపేవాడు. కొండల ఎత్తులు, మైదానాల పొడవులు, దారిలో ఉన్న రైతుల ఫోన్ నంబర్లు తన చేత్తో రాసుకునేవాడు. తోటి పైలట్లు అడిగితే 1934లో వాటిని అచ్చేసి అమ్మడం మొదలుపెట్టాడు. రాసుకున్నవాడికి ఆ కొండ కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. వేలితో జరుపుతూ చూసినవాడికి అది ఒక రంగు మచ్చ.

భారత ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మన విమానాశ్రయాల సమాచార సంపుటి, ఏఐపీ, ఇంటర్నెట్‌లో పెడుతుంది. అది తెరిచి బేగంపేట, శంషాబాదు పేజీలు మీ చేత్తో ఎత్తి రాసుకోండి. శంషాబాదు సముద్రమట్టానికి 2 వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉందని ఒకసారి రాస్తే, సున్నా మీద దిగబోతున్నానన్న భ్రమ ఎన్నటికీ కలగదు.

2. సిమ్ వేయకపోయినా సిమ్ మోడలే కొనండి

“గాల్లో నెట్‌వర్క్ ఎట్లాగూ రాదు, సిమ్ మోడల్‌కు అన్ని వేలు ఎక్కువ ఎందుకు?” అని అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో బేరమాడి వైఫై ఐప్యాడ్ తెచ్చినవాళ్ళను చూశాను. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పు ఉండదు. సెల్యులర్ మోడల్‌లో ఉంటుంది. సిమ్ లేకపోయినా అది ఉపగ్రహాలను పట్టుకుంటుంది. మీరు ఎక్కువ ఇచ్చేది సిమ్ గూటికి కాదు, ఆ చిప్పుకు. వైఫై మోడల్ ఇప్పటికే కొనేసి ఉంటే బయట తగిలించే జీపీఎస్ రిసీవర్ ఒకటి కావాలి. దానికీ ఒక బ్యాటరీ ఉంటుంది, దాన్నీ ఛార్జ్ చేయాలి.

3. ఎండలో పెట్టండి

కొన్న వారంలోనే, మధ్యాహ్నం రెండింటికి, మిద్దె మీద గొడుగు లేకుండా పెట్టండి. పక్కనే కూర్చుని గడియారం చూడండి. ఐప్యాడ్ సున్నా నుంచి 35 డిగ్రీల వరకే సరిగా పనిచేస్తుందని తయారుచేసినవాళ్ళే చెబుతారు. మే నెలలో హైదరాబాదు నీడలోనే 40 దాటుతుంది. విమానంలో ముందు అద్దం దగ్గర ఎంతుంటుందో మీరే ఊహించండి. మొదట తెర వెలుగు తగ్గుతుంది. తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది. ఆ తర్వాత మ్యాపు పోయి ఒక హెచ్చరిక మిగులుతుంది, చల్లబడేదాకా ఇంకేమీ రాదు.

నాకిది గాల్లో తెలిసింది. శిక్షణ రోజుల్లో ఒక మే నెల మధ్యాహ్నం, లేచిన ఇరవై నిమిషాలకు, తొడ మీద కట్టుకున్న ట్యాబ్ నల్లబడింది. నా చేతులు చెమట పట్టాయి. పక్క సీట్లో మా సార్ చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ఒళ్ళో పెట్టారు. దారి, దిక్కులు, సమయాలు, ఫ్రీక్వెన్సీలు అన్నీ అందులో ఉన్నాయి. “ముందు విమానం నడుపు, తర్వాత చదువుకో” అన్నారు. ఆ మడతల కాగితం అలవాటు నాకు అప్పుడే అంటింది.

మీకు ఆ పాఠం మిద్దె మీదే దొరకాలి. వెనక మందపాటి కవర్ తీసేయండి, గాలి వచ్చే గొట్టం దగ్గర, నీడ పడే చోట బిగించండి. వేడెక్కినదాన్ని ఐస్‌పెట్టెలో మాత్రం పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. పలక ఉబ్బినట్టుంటే అసలు విమానం ఎక్కించకండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే మంట ఆర్పగానే పని అయిపోదు, నీళ్ళు పోసి చల్లార్చాలి. మంచినీళ్ళ సీసా చేతికందేలా పెట్టుకోండి.

4. బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి

నేల మీద, ఒక్కసారి. తెర వెలుగు నిండుగా పెట్టి, జీపీఎస్ నడుపుతూ, మ్యాపు తెరిచి ఉంచి, నూరు నుంచి సున్నాకు ఎన్ని గంటలో రాసుకోండి. పెట్టె మీద అచ్చేసిన గంటలు నీడలో సినిమా చూసేవాడివి, ఎండలో విమానం నడిపేవాడివి వేరు. మీ లెక్కలో సగమే మీదనుకోండి. అంతకంటే దూరం పోవాలంటే పవర్ బ్యాంకు, కేబుల్ ముందురోజే కలిపి చూడండి. ఆరు నెలలకోసారి ఈ పరీక్ష మళ్ళీ చేయండి, బ్యాటరీకి కూడా వయసు మీద పడుతుంది.

5. ఎగిరే రోజు ఏదీ అప్‌డేట్ చేయకండి

విమాన చార్టులు ప్రపంచమంతా 28 రోజుల చక్రంలో మారతాయి. పాతవి వాడకూడదు, అది ఖాయం. కానీ ఆ పని రెండు రోజుల ముందే ముగించాలి. తర్వాత ట్యాబ్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బయల్దేరే చోటు, దిగే చోటు, తప్పనిసరైతే దిగే చోటు, మూడింటి పేజీలూ ఒక్కొక్కటే తెరవండి. డౌన్‌లోడ్ అయిందని యాప్ చెప్పిన మాట చాలదు, మీ కంటికి పేజీ కనబడాలి.

2015 ఏప్రిల్ చివర్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానాలు డజన్ల కొద్దీ ఆలస్యమయ్యాయి. వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయం చార్టుల్లో ఒకటి పొరపాటున రెండుసార్లు చేరడంతో పైలట్ల ఐప్యాడ్లలో యాప్ మూతబడింది. అంత పెద్ద సంస్థకు, అంతమంది సాంకేతిక నిపుణులుండీ జరిగింది. వాళ్ళ విమానాలు నేల మీద ఉన్నాయి కాబట్టి ఆలస్యంతో పోయింది. ఐప్యాడ్ సిస్టం అప్‌డేట్ అయితే ఇంకా ఆగండి. యాప్ తయారుచేసినవాళ్ళు సరేననేదాకా దాని జోలికి పోకండి.

6. చుక్కను మూసేసి ఎగరండి

తెర మీద మీ విమానం నీలి చుక్కలా కదులుతుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే కిటికీలోంచి చూడటం మాన్పిస్తుంది. జీపీఎస్‌కు అడ్డుపడే, తప్పుడు చోటు చూపించే సంకేతాల గురించి మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 నవంబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. 2025 డిసెంబరులో మన శ్రీకాకుళం వాడే అయిన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన జవాబులో ఇలాంటి ఇబ్బందులు నమోదైన విమానాశ్రయాల్లో హైదరాబాదు పేరూ ఉంది. ఎక్కడో యుద్ధభూమిలో జరిగేదనుకుని మర్చిపోయే రోజులు పోయాయి.

కాబట్టి ప్రతి ప్రయాణంలో కొంత దూరం అట్టముక్కతో చుక్కను కప్పండి. హిమాయత్‌సాగర్ ఎటుంది, ఉస్మాన్‌సాగర్ ఎటుంది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో ఏ వంపు మీద ఉన్నాను, ఇంకెంతసేపటికి కృష్ణా నది కనబడాలి అని నోటితో అనండి. తర్వాత అట్ట తీసి చూడండి. మీరూ చుక్కా ఒకే మాట చెబితే సంతోషం. చెప్పకపోతే ముందు నేలను నమ్మండి.

7. అమెరికా వీడియోల్లో చెప్పినవి ఇక్కడ చేయకండి

మంచి ఈఎఫ్‌బీ పాఠాలు చాలామటుకు అక్కడివే. కానీ వాళ్ళ ట్యాబ్‌లోకి గాల్లోనే ఉచితంగా వచ్చే వాతావరణ చిత్రం అమెరికా ప్రభుత్వం నేల మీది టవర్ల నుంచి 978 మెగాహెర్ట్జ్ మీద పంపేది. వాళ్ళు చూపించే రిసీవర్ కొని తెచ్చి జల్‌పల్లి ఆకాశంలో పట్టుకుంటే దానికి వినబడేదేమీ ఉండదు. వాళ్ళు ధైర్యం కోసం జేబులో వేసుకునే శాటిలైట్ మెసేజ్ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు మన దేశంలో అనుమతి లేకుండా వాడితే నేరం. మనకున్న దారి బయల్దేరేముందు వాతావరణ శాఖ రిపోర్టులు శ్రద్ధగా చదవడం, గాల్లో రేడియోలో అడగడం, మబ్బు నల్లగా కనబడితే వెనక్కి తిరగడం.

డాలస్‌లోనో, బే ఏరియాలోనో వారాంతాల్లో సొంత విమానం నడిపే మన తెలుగువాళ్ళకూ ఒక మాట. అక్కడి విమాన ప్రమాదాల విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది: తెర మీది రాడార్ చిత్రం, దాని పక్కన రాసి ఉన్న నిమిషాల కంటే 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చు. తుఫాను అంతసేపట్లో ఒక ఊరు దాటుతుంది. ఆ చిత్రం చూసి దూరంగా తప్పుకోండి, మబ్బుల మధ్య సందు వెతకడానికి మాత్రం వాడకండి.

8. ట్యాబ్ పక్కవాళ్ళ చేతికివ్వండి

పక్క సీట్లో బావమరిదో, స్నేహితుడో ఉంటే మీ ఖరీదైన పలక వాళ్ళ ఒళ్ళో పెట్టండి. ఎక్కేముందు ఐదు నిమిషాలు నేర్పండి. “బావా, బేగంపేట టవర్ ఫ్రీక్వెన్సీ చదువు” అంటే చదివేలా ఉండాలి. ఒంటరి పైలట్ తల ఎన్నిసార్లు ఒళ్ళోకి వంగితే అన్నిసార్లు విమానం తనకు నచ్చిన వైపు పోతుంది. ఎవరూ లేకపోతే తెర వైపు చూసే ప్రతిసారీ ఐదంకెలు లెక్కపెట్టి తలెత్తండి. వెతికేది దొరకలేదా, మళ్ళీ బయట చూసి, మళ్ళీ వెతకండి.

9. సగం పేజీలు తీసేయండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే చివర్న పెట్టాను.

2009 సెప్టెంబరు 2 మన రెండు రాష్ట్రాల్లో మరచినవారు లేరు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్ 430 హెలికాప్టర్ ఉదయం బేగంపేటలో లేచి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది. వాన మబ్బుల్లో నల్లమల మీద కూలింది. ఐదుగురూ పోయారు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ సంఘం, బలమైన కిందిగాలి ప్రవాహంలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పిందని తేల్చింది. ఆ నివేదికలో ఇంకో మాట ఉంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ గురించి మాన్యువల్‌లో వెతుకుతూ పైలట్లు 6 నిమిషాలకు పైగా అందులోనే మునిగిపోయారు. దారి మళ్ళాలన్న నిర్ణయం సమయానికి జరగలేదు.

ఆ పైలట్లను వేలెత్తి చూపడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ళు మనకంటే ఎంతో అనుభవం ఉన్నవాళ్ళు. అంతటివాళ్ళకే కావలసిన పేజీ కావలసిన క్షణంలో అందలేదంటే, వెయ్యి పేజీల పీడీఎఫ్ నింపుకుని ధైర్యంగా తిరిగే మనమెంత? కాగితానికి కనీసం అంచులు మడవొచ్చు. ట్యాబ్‌లో ఏ పేజీ అయినా ఒకే నునుపు.

అందుకని అత్యవసర పేజీలు ఇరవై ఏరి వేరే ఫైలుగా, పెద్ద అక్షరాలతో, తెర మొదట్లో పెట్టుకోండి. మిగతావి అడుక్కి తోసేయండి. ఇంజన్ ఆగితే చేయాల్సినవి ఏ పేజీలోనూ వెతకకూడదు, అవి నోటికి రావాలి. దీపం వెలిగి, అర్థం తెలియక, చదవాల్సి వచ్చే సమస్యలకే ఆ ఇరవై పేజీలు.

మా ఇంట్లో దీనికి ఒక పద్ధతుంది. రాత్రి భోజనాలయ్యాక దీపాలార్పేసి, తొడకు ట్యాబ్ కట్టుకుని మంచం మీద కూర్చుంటాను. మా ఆవిడ వంటింట్లోంచి ఉన్నట్టుండి “ఏమండీ, ఆయిల్ ప్రెషర్!” అని కేకేస్తుంది, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతుంది. మొదటిరోజు 52 సెకన్లు పట్టింది. సిగ్గేసింది. ఇప్పుడు 8కి వచ్చింది. 10 దాటిన రాత్రి ఆ పేజీ ఇంకోచోటికి మార్చి మళ్ళీ మొదలుపెడతాం.

ఏ ట్యాబ్ కొనాలని అడిగిన పిల్లల్ని కూడా అదే మంచం మీద కూర్చోబెడతాను. పది సెకన్లలో పేజీ తీయగలిగే ట్యాబ్ ఏదైనా కొనండి. తీయలేకపోతే, ఎంత ఖరీదైనది కొన్నా, ఇంకో నెల నేల మీదే ఉండండి.