ఒక సమ్మెట యాత్మకథ

నేను సమ్మెటను. ఏ కొలిమిలో కాగితినో, ఏ కమ్మరి చేతిలో రూపు దాల్చితినో చెప్పుకొనదగినంత విశేషము నా జననమున లేదు. అయినను 2009వ సంవత్సరము మొదలుకొని నేను బీజింగు నగరమున, తియానన్మెన్ మైదానమునకు తూర్పున నున్న చైనా జాతీయ ప్రదర్శనశాలలో, మూడువేల యేండ్లనాటి కంచుపాత్రల కాశ్రయమైన భవనమునందే, జాతి భద్రపరచుకొనదగిన వస్తువుగా పరిగణింపబడుచున్నాను. ఒక ఇనుపముద్ద కింతటి గౌరవ మేల కలిగెనో చెప్పవలెనన్న, ఒక కర్మాగారపు జమాఖర్చుల కథ చెప్పవలసియుండును.

షాన్‌డాంగ్ రాష్ట్రమున, పసుపు సముద్రపు టొడ్డున, చింగ్‌దావ్ అను రేవుపట్టణము కలదు. 1984లో అచ్చటి రిఫ్రిజిరేటర్ల కర్మాగారము 14 లక్షల 70 వేల యువాన్ల నష్టములో మునిగియుండెను. ఒక్క యేటిలోనే ముగ్గురు అధికారులు వచ్చి వెడలిపోగా, డిసెంబరు మాసమున నాలుగవవాడుగా వచ్చినవాడు జాంగ్ రుయిమిన్. అప్పటి కాతని వయస్సు 35 సంవత్సరములు. పనివారికి జీతము లిచ్చుటకు డబ్బు లేక ఆతడు చుట్టుప్రక్కల పల్లెల కేగి అప్పు తేవలసివచ్చెను. ఆతడు మొట్టమొదట విధించిన పదుమూడు నియమములలో పనిశాల లోపల మలమూత్ర విసర్జనము చేయరాదనునది యొకటి యన్నచో, ఆ స్థలమప్పుడెట్టి దుస్థితిలో నుండెనో వేరుగ వర్ణింప నక్కరలేదు. పశ్చిమ జర్మనీకి చెందిన లీబ్‌హర్ కంపెనీతో సాంకేతిక సహకారమునకై ఒప్పందము కుదిరెను, యంత్రములు వచ్చెను, కాని యంత్రముల వెంట శ్రద్ధ రాలేదు.

ఆ కాలమున చైనాలో ఇంటికి రిఫ్రిజిరేటరు తెచ్చుకొనుట ఒక మహోత్సవము. సరకు తక్కువ, కొనువారు పెక్కుమంది. కాబట్టి తయారైన పెట్టెలను మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి యని వింగడించి, ఏ తరగతికిని చెందని దానిని సైతము ధర తగ్గించి ఎవరికో యొకరికి అంటగట్టుట అన్ని కర్మాగారములకును ఆచారమై యుండెను. కొనువారు వరుసలో నిలిచి యున్నంతకాలము లోపమునకు వెల తగ్గునే గాని, లోపము చేసినవానికి సిగ్గు కలుగదు.

1985లో ఒక కొనుగోలుదారుని యొద్దనుండి, తాను కొన్న పెట్టె లోపభూయిష్ఠముగా నున్నదని ఫిర్యాదు వచ్చెను. గిడ్డంగిలో నున్న 400 పైచిలుకు పెట్టెలను జాంగ్ ఒకటొకటిగా తెరిపించి చూడగా, 76 పెట్టెలలో ఏదో యొక లోపము బయటపడెను. వానిలో పెక్కు, గీత పడినవియో, రంగు చెదరినవియో యగు స్వల్పదోషములు గలవి. పనివారికే చవుకగా ఇచ్చివేయుదమని కొందరు సూచించిరి. అది దయతో గూడిన సూచనయే. ఏలయన నాడొక రిఫ్రిజిరేటరు వెల సుమారు 800 యువాన్లు, అనగా కార్మికుడు దాదాపు రెండేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టినగాని చేరని సొమ్ము. కాని నేడు 76 పెట్టెలను క్షమించినచో రేపు అంతకు పదిరెట్లు క్షమింపవలసివచ్చునని జాంగ్ నిశ్చయించుకొని, ఏ పెట్టెను ఎవరు చేసిరో వారే దానిని పగులగొట్టవలెనని శాసించి, మొదటి దెబ్బ తానే వేసెను.

ఆనాడు నేను చేసిన పని యిది. తెల్లని రేకుల మీద నేను పడినపుడు లేచిన ధ్వని కన్న, నా పిడిని పట్టుకొనిన చేతుల వణకు నాకు బాగుగా జ్ఞాపకమున్నది. జీవితములో ఒక్క రిఫ్రిజిరేటరునైనను సొంతము చేసికొనజాలని మనుష్యులు తమ చేతులతో చేసిన రిఫ్రిజిరేటర్లను తామే ముక్కలు చేయవలసివచ్చినపుడు కన్నీరు పెట్టుకొనిరనగా అందాశ్చర్య మేమున్నది? వారు నిరుపేదలే గాని నిర్లజ్జులు గారు. జాంగ్ వారిని శిక్షింపక, బాధ్యత తనదేయని ఆ నెల జీతమును వదలుకొనెను.

లెక్క వేసి చూడుడు. 76 పెట్టెలకు 800 చొప్పున 60 వేల యువాన్లకు పైబడిన సొత్తు ఆ దినమున ధ్వంసమైనది. అప్పు తెచ్చి జీతము లిచ్చిన సంస్థకు ఆ మొత్తము సామాన్యము గాదు. ఏ గుమాస్తా యైనను దానిని నష్టము పద్దున వ్రాయునేకాని పెట్టుబడి పద్దున వ్రాయడు. అయితే 1988లో ఆ కర్మాగారపు రిఫ్రిజిరేటరునకు చైనాలో ఆ పరిశ్రమకంతటికిని మొదటి జాతీయ నాణ్యతా స్వర్ణపతకము లభించెను. మరుసటి యేట బజారు మందగించి, తక్కిన తయారీదారులు ధరలు తగ్గించుకొనుచుండగా, ఈ సంస్థ నూటికి పండ్రెండు చొప్పున ధర పెంచియు అమ్ముకొనగలిగెను. 1985నాటి ఆ ఖర్చు 1989లో ఈ విధముగా జమకు వచ్చినదని నా అభిప్రాయము.

ఆ కర్మాగారమే హయర్. దాని తరువాతి చరిత్ర వార్తాపత్రికలకెక్కినది కాబట్టి నేను విస్తరింపను. 1993లో షాంఘై స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాలు చేరెను. అటుపిమ్మట అమెరికాలోని దక్షిణ కరోలినాలో, కామ్డెన్ అను ఊర, కర్మాగారము లేచెను. 2004లో భారతదేశమున అడుగిడి, పుణె దాపున రంజన్‌గావ్‌లోను, ఆ తరువాత గ్రేటర్ నోయిడాలోను ఉత్పత్తి నెలకొల్పెను. న్యూజీలాండు ఫిషర్ అండ్ పేకెల్, ఇటలీ క్యాండీ దానిలో చేరినవి. 2016లో జనరల్ ఎలక్ట్రిక్ వారి గృహోపకరణ విభాగమును 540 కోట్ల డాలర్ల ఒప్పందముతో కొనెను. పల్లెలయందు అప్పు చేసినవాడు ముప్పది రెండేండ్లకు అమెరికా పరిశ్రమలో నొక పెద్దవిభాగమునే కొనగలిగెనన్నమాట.

ఇప్పుడు ఆ సంస్థ యేటేట వెలువరించు లెక్కలను గూర్చి కొంత చెప్పవలెను. నన్ను చూడవచ్చువారు వానినే ముచ్చటించుకొనుచుందురు. 2024లో హయర్ స్మార్ట్ హోమ్ ఆదాయము సుమారు 28,600 కోట్ల యువాన్లు, వాటాదారులకు మిగిలిన లాభము సుమారు 1,874 కోట్లు. నూరు యువాన్ల అమ్మకముపై మిగిలినది ఆరున్నరయే! ఇంటింట నుండు వస్తువును చేయువారికి మిగులు ఎంత పలుచనో దీనివలన తెలియును. ఉక్కు ధర కొంచెము పెరిగినను, ఓడ కిరాయి హెచ్చినను, మరమ్మతులకై తిరిగివచ్చు యంత్రముల సంఖ్య అధికమైనను ఆ ఆరున్నర కరగిపోవును. ఆ సంవత్సరమున ఆదాయము నూటికి నాలుగు చొప్పున మాత్రమే పెరుగగా, లాభము పదుమూడు చొప్పున పెరిగెను. దీనినంతయు సంస్థ ప్రతిభకే ముడిపెట్టుట న్యాయము గాదు. పాత యంత్రము నిచ్చి కొత్తది తీసికొనువారికి చైనా ప్రభుత్వము ఆ యేటి ద్వితీయార్ధమున ధరలో నూటికి పదునైదు మొదలు ఇరువది వరకు రాయితీ కల్పించినది. అటువంటి సహాయము నేటి కొనుగోలును పెంచునేగాని, రేపు కొనదగినవానిని నేడే కొనిపించుట కూడ అందు కొంత గలదు.

మరియు ఆ యేట అమెరికాలో వడ్డీ రేట్లు హెచ్చుగానుండి, పాత యిండ్ల అమ్మకములు దాదాపు ముప్పది యేండ్లలో కనిష్ఠమునకు దిగిపోయినవి. ఇల్లు మారనివాడు రిఫ్రిజిరేటరు మార్చుట అరుదు. 1911లో అచ్చట పుట్టిన వర్ల్‌పూల్ కంపెనీ ఆ సంవత్సరము నష్టమును ప్రకటించి, ఐరోపా వ్యాపారమున అధికభాగమును టర్కీకి చెందిన ఆర్చెలిక్ చేతిలో పెట్టెను. స్వీడన్ దేశపు ఎలక్ట్రోలక్స్ సైతము నష్టమునే చూపెను. ఒకే గాలివానలో ఒక ఓడ నిలిచి, రెండు ఓడలు తడబడినపుడు, నిలిచినదాని తెరచాపను మెచ్చుకొనుటకు ముందు అడుగుబల్లలను పరీక్షింపవలెను. హయర్ ఆదాయములో దాదాపు సగము విదేశములనుండి వచ్చుచుండుట ఆ అడుగుబల్లలలో నొకటి. ఒక దేశమున బజారు పడిపోయినను మరొక దేశము ఆదుకొనును.

అయితే ఈ పట్టికలలో నేను వెదకెడి అంకె వేరు. అమ్మినది లెక్కకు వచ్చును. అమ్మక నిలిపివేసినది ఎచ్చటను కనబడదు. ఇన్ని లక్షల పెట్టెలు చేయుచుండు సంస్థలో, ఖండాంతర కర్మాగారముల మాట యటుండనిచ్చి, ఏ యొక్క గిడ్డంగిలోనైనను గీత పడిన పెట్టెను ప్రక్కకు నెట్టు చేయి నేడును గలదా యనునదే నా చింత. జాంగ్ 2021లో అధ్యక్షస్థానము వదలెను. నేను అద్దపు పేటికలోనికి చేరితిని. మా యిద్దరి తరువాత ఆ పని చేయవలసినది నాణ్యత పరీక్షించు సామాన్య కార్మికుడే. వానికి సంస్థ ఇచ్చు అధికారమే ఆ సంస్థ ఆస్తులలో నెల్ల మిన్నయని నేను దృఢముగా నమ్ముచున్నాను.

కాబట్టి తెలుగు పాఠకులారా, మీలో ఇట్టి సంస్థల వాటాలు కొనువారును కలరు, వారి యంత్రములను కొనువారు అంతకన్న పెక్కురు కలరు. వార్షిక నివేదిక మీ చేతికి వచ్చినపుడు అమ్మకముల అంకెను, లాభపు టంకెను చూచి పుట మూయకుడు. వారంటీ మరమ్మతుల కొరకై కేటాయించిన మొత్తము ఎంతయో వెదకుడు. అది అమ్మకములకన్న వేగముగా పెరుగుచున్నచో, కారణమేమని సర్వసభ్య సమావేశమున లేచి అడుగుడు. వాటాలు లేనివారు, కొన్న వస్తువు చెడిపోయినపుడు ఊరకుండక ఫిర్యాదు వ్రాయుడు. 1985లో చింగ్‌దావ్‌కు వచ్చినది అట్టి ఫిర్యాదు ఒక్కటే.